చెక్క మీద బొమ్మ చెక్కే మిషన్: లాగేది స్క్రూనా, పళ్ల పట్టీనా, బెల్టా?

షార్జా, అజ్మాన్, దుబాయ్ అల్ ఖోజ్ ఇండస్ట్రియల్ ఏరియాల్లోని జాయినరీల్లో మనవాళ్లు చాలామందే పనిచేస్తున్నారు. ఉలి, బాడిశ చేతపట్టి వచ్చిన వడ్రంగులు కొందరు, హెల్పర్ వీసా మీద వచ్చి ఇక్కడే పని నేర్చుకున్నవాళ్లు కొందరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాళ్ల కళ్ల ముందు సీఎన్‌సీ రూటర్ తిరుగుతూనే ఉంటుంది. ఇంటికి ఫోన్ చేస్తే అక్కడా అదే మాట. ఊళ్లో కొత్త ఇల్లు కట్టేవాళ్లు టేకు తలుపు మీద లక్ష్మీదేవినో, నెమలినో, కలశాన్నో మిషన్ మీదే చెక్కించుకుంటున్నారు. "ఇంకో రెండేండ్లు కష్టపడి, ఇంటికాడ గసుంటి మిషన్ ఒకటి పెట్టుకుంటె నడుస్తదా అన్నా?" అని క్యాంపులో అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు.

రెడీమేడ్ మిషన్ కొనాలంటే ధర చూసి వెనక్కి తగ్గాల్సి వస్తుంది. అందుకే చాలామంది చూపు సొంతంగా కట్టుకునే మిషన్ మీద ఉంది. ఇనుప ఫ్రేమ్ వెల్డింగ్ చేయించి, రైళ్లు, మోటార్లు, కంట్రోలర్ విడివిడిగా కొని బిగించుకోవడం అన్నమాట. ఇది జరగని పనేం కాదు. చాలా దేశాల్లో మామూలు మనుషులు ఇంటి షెడ్డులో కట్టుకుని పని చేసుకుంటున్నారు. అయితే మనవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ స్పిండిల్ ఎన్ని కిలోవాట్లు, మోటార్ ఎంత పవరు, సాఫ్ట్‌వేర్ ఏది అన్నచోటే ఆగిపోతున్నాయి. మోటార్ తిరిగినప్పుడు ఆ బరువైన తలకాయని ముందుకీ వెనక్కీ లాగేది ఏమిటి అని అడిగేవాళ్లు తక్కువ. డబ్బు ఇరుక్కునేది మాత్రం అక్కడే. స్పిండిల్ చిన్నదైతే రేపు మార్చుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే వేరేది వేసుకోవచ్చు. లాగే పద్ధతి మార్చాలంటే మిషన్ సగం విప్పాలి.

నేను ఇంజినీర్‌ని కాదు. ఇంటర్ చదివి, ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో క్లర్కుగా చేస్తున్నాను. మా కంపెనీకి జాయినరీ ఉంది. అక్కడి స్పేర్ పార్టుల ఎల్‌పీఓలు టైప్ చేసేదీ, మెకానిక్ రిపోర్టులు ఫైల్ చేసేదీ నేనే. ఏ పార్టు ముందు పోతుంది, దేనికోసం మిషన్ ఎన్ని రోజులు ఆగుతుంది అన్నది కాగితాల మీద చూసీ చూసీ, మెకానిక్‌ని అడిగీ అడిగీ తెలుసుకున్న సంగతులు ఇవి.

మీకు ముందే తెలిసిన నాలుగు వస్తువులు

సీఎన్‌సీ టేబుల్ మీద కదలికలు మూడు. టేబుల్ పొడవునా వంతెనలాంటి గ్యాంట్రీ కదులుతుంది. ఆ వంతెన మీద స్పిండిల్ అడ్డంగా కదులుతుంది. స్పిండిల్ పైకీ కిందికీ కదలడం మూడోది, దాన్ని జడ్ అంటారు. ప్రతి కదలికకీ ఒక మోటార్ ఉంటుంది. మోటార్ గుండ్రంగా తిరుగుతుంది, మనకి కావాల్సింది నేరుగా నడిచే కదలిక. ఆ మార్పు చేసేదే డ్రైవ్. ఇందులో ప్రధానంగా నాలుగు రకాలు. నాలుగింటినీ మీరు వేరే రూపంలో ఇదివరకే చూసి ఉంటారు.

వడ్రంగి బల్లకి ఉండే వైస్ ఉంది చూశారా, దాని మరే లీడ్ స్క్రూ. పిడి తిప్పితే దవడ ముందుకు వస్తుంది, వదిలేస్తే ఉన్నచోటే ఉంటుంది. కారు టైరు మార్చే స్క్రూ జాకీ కూడా అంతే. బరువు మీద ఉన్నా తనంతట తాను దిగదు. ఈ ఒక్క గుణం తర్వాత చాలా పనికొస్తుంది.

బాల్ స్క్రూలో మరకీ నట్టుకీ మధ్య ఉక్కు గోళీలు దొర్లుతుంటాయి. లారీల స్టీరింగ్ బాక్సుల్లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. రాపిడి బాగా తక్కువ. మామూలు మర స్క్రూలో మోటార్ బలంలో 20 నుంచి 40 శాతమే పనికి అందితే, బాల్ స్క్రూలో 90 శాతం దాకా అందుతుంది.

రాక్ అండ్ పినియన్ అంటే పొడుగాటి పళ్ల పట్టీ, దాని మీద దొర్లే చిన్న పళ్ల చక్రం. మారుతి కారు స్టీరింగ్ ఇదే. షట్టర్ కింద జారే పెద్ద గేట్లకి మోటార్ బిగిస్తారు కదా, అక్కడా ఇదే పట్టీ.

నాలుగోది పళ్ల బెల్టు. కారు ఇంజిన్‌లో టైమింగ్ బెల్ట్ లాంటిదే, కాకపోతే సన్నగా ఉంటుంది.

పొడవైన స్క్రూ కథ

మనవాళ్లలో ఎక్కువమంది మనసు బాల్ స్క్రూ మీదికే పోతుంది. "బాల్ స్క్రూ అంటే ఖచ్చితం, రాక్ అంటే లూజు" అన్నమాట జాయినరీల్లో బాగా నాటుకుపోయింది. మీటరు పొడవు దాకా ఆ మాటలో చాలావరకు నిజం ఉంది. 16 మిల్లీమీటర్ల లావు, 5 మిల్లీమీటర్ల లీడ్ ఉన్న స్క్రూని తీసుకుందాం. లీడ్ అంటే ఒక చుట్టు తిరిగితే నట్టు జరిగే దూరం. మామూలు స్టెప్పర్ మోటార్ ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది. అంటే ఒక్కో అడుగుకి 0.025 మిల్లీమీటరు. మార్కెట్‌లో దొరికే సీ7 రకం రోల్డ్ స్క్రూలో 300 మిల్లీమీటర్లకి తేడా 0.05 మిల్లీమీటరు ఉండొచ్చు. చెక్క పనికి అంతకన్నా ఏం కావాలి?

చిక్కు పొడవు పెరిగినప్పుడు వస్తుంది. సన్నటి పొడుగాటి కడ్డీని రెండు చివర్లా పట్టుకుని గట్టిగా తిప్పండి. మధ్యలో విల్లులా వంగి, పిల్లలు ఆడే తాడాటలో తాడులా ఊగుతుంది. స్క్రూ కూడా అంతే. ఒక వేగం దాటితే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ వేగాన్ని క్రిటికల్ స్పీడ్ అంటారు. దీని లెక్కలో మెలిక ఏమిటంటే, పొడవు రెట్టింపైతే వేగం సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది.

అంకెల్లో చూద్దాం. ఒక చివర గట్టిగా బిగించి, రెండో చివర బేరింగ్‌లో ఉంచిన 16 మిల్లీమీటర్ల స్క్రూ ఒక మీటరు పొడవుంటే, నిమిషానికి దాదాపు 2,000 చుట్ల దాకా భయం లేదు. అదే స్క్రూ రెండున్నర మీటర్లు అయితే హద్దు 300 చుట్ల దగ్గరికి వచ్చేస్తుంది. చుట్టుకి 5 మిల్లీమీటర్ల చొప్పున నిమిషానికి ఒకటిన్నర మీటరు. మోటార్ ఎంత పెద్దది పెట్టినా, డ్రైవర్ ఎంత ఖరీదైనది కొన్నా, ఆ ఒకటిన్నర మీటరు దాటడానికి లేదు. దాటిస్తే మిషన్ అదురుతుంది, చెక్క మీద గీతలు పడతాయి, బేరింగులు పోతాయి.

ఒకటిన్నర మీటరు చాలదా అంటే, చెక్కడం పనికి చాలదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న టేకు పలక మీద దేవుడి బొమ్మ చెక్కుతున్నామనుకోండి. గుండ్రని మొన ఉన్న సన్న బిట్టుతో 0.3 మిల్లీమీటరు ఎడంగా గీత మీద గీత పోవాలి. 300 మిల్లీమీటర్ల వెడల్పుకి 1,000 గీతలు, ఒక్కోటి 600 మిల్లీమీటర్లు. మొత్తం 600 మీటర్ల నడక. నిమిషానికి 3 మీటర్లు నడిస్తే 3 గంటల 20 నిమిషాలు. ఒకటిన్నర మీటరే నడిస్తే 6 గంటల 40 నిమిషాలు. రోజుకి రెండు పలకలు దిగాల్సిన చోట ఒకటే దిగుతుంది. బ్యాంకు వాయిదా మాత్రం సగం కాదు.

లావు స్క్రూ వేస్తే? 25 మిల్లీమీటర్ల లావు, 10 మిల్లీమీటర్ల లీడ్ ఉన్నది వేస్తే రెండున్నర మీటర్ల పొడవులోనూ నిమిషానికి 5 మీటర్ల దాకా పోవచ్చు. కానీ అంత లావు ఇనుమునీ ప్రతి మలుపులో తిప్పి, ఆపి, మళ్లీ ఎదురు తిప్పాలి. 16కీ 25కీ తేడా చూడ్డానికి తక్కువే. తిప్పడానికి పట్టే భారం మాత్రం అదే పొడవులో దాదాపు 6 రెట్లు. పెద్ద మోటార్, పెద్ద డ్రైవర్, పెద్ద బిల్లు. స్క్రూని కదలకుండా బిగించి నట్టునే తిప్పే పద్ధతి కూడా ఉంది, చక్కగా పనిచేస్తుంది. కానీ ఆ తిరిగే నట్టు ఇల్లు లేత్ మీద బాగా తయారుచేసే టర్నర్ దొరకాలి. మొదటిసారి కట్టేవాళ్లకి నేనైతే చెప్పను.

పళ్ల పట్టీ

8 అడుగులు, 4 అడుగుల టేబుల్ అంటే పూర్తి ప్లైవుడ్ షీట్, 2,440 బై 1,220 మిల్లీమీటర్లు. ఆ సైజు కావాలంటే పొడవు వైపు రాక్ అండ్ పినియన్‌కే నా ఓటు. పెద్ద ఫ్యాక్టరీ రూటర్లలో పొడవు కదలికకి ఎక్కువగా కనిపించేదీ ఇదే. పట్టీ తిరగదు, ఫ్రేమ్‌కి బిగించి ఉంటుంది. కనుక పొడవు ఎంతైనా ఊగడం అనే సమస్యే లేదు. ధర కూడా మీటర్ల లెక్కనే పెరుగుతుంది.

అయితే మోటార్‌కి నేరుగా పినియన్ తగిలించకూడదు. ఇక్కడే చాలా సొంత మిషన్లు చెడతాయి, చెడి "రాక్ లూజు" అన్న పేరు తెస్తాయి. మాడ్యూల్ 1, 20 పళ్ల పినియన్ ఒక చుట్టు తిరిగితే 62.8 మిల్లీమీటర్లు జరుగుతుంది. మోటార్ వేసే ఒక్క అడుగుకి 0.31 మిల్లీమీటరు. బొమ్మ ముక్కు, కన్ను అన్నీ మెట్లుమెట్లుగా వస్తాయి. డ్రైవర్‌లో మైక్రోస్టెప్పింగ్ పెట్టుకోవచ్చు కదా అంటారు. దానితో కదలిక నున్నగా అవుతుంది, బలం పెరగదు. 2 న్యూటన్ మీటర్ల మోటార్ ఆ పినియన్‌ని నేరుగా తిప్పితే లాగే శక్తి సుమారు 20 కిలోలే. అదే మోటార్ 5 మిల్లీమీటర్ల బాల్ స్క్రూ మీద 200 కిలోలు దాటి లాగుతుంది.

మధ్యలో ఒకటికి మూడు తగ్గింపు పెట్టండి. మోటార్ మీద చిన్న పుల్లీ, పినియన్ ఇరుసు మీద మూడింతల పెద్ద పుల్లీ, మధ్యలో పొట్టి పళ్ల బెల్టు. అప్పుడు చుట్టుకి 21 మిల్లీమీటర్లు, అడుగుకి 0.1 మిల్లీమీటరు, లాగే శక్తి 60 కిలోల దాకా. నిమిషానికి 6 మీటర్లు పోవాలన్నా మోటార్ 290 చుట్ల లోపే తిరుగుతుంది. స్టెప్పర్ మోటార్‌కి ఇది బాగా నప్పే వేగం, ఎందుకంటే వేగం పెరిగేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. 5 మిల్లీమీటర్ల స్క్రూ మీద అదే 6 మీటర్లు కావాలంటే మోటార్ 1,200 చుట్లు తిరగాలి. అక్కడికి వచ్చేసరికి మామూలు స్టెప్పర్ నీరసపడిపోతుంది. కేటలాగ్‌లో మోటార్ బలం అని రాసేది నిలబడి ఉన్నప్పటి బలం, పరుగెత్తేటప్పటిది కాదు.

రెండో సంగతి, పినియన్‌ని పట్టీకి స్ప్రింగుతో అదిమి ఉంచాలి. మోటార్ ప్లేటు ఒక బోల్టు మీద కొద్దిగా తిరిగేలా పెట్టి, రెండో వైపు స్ప్రింగు బిగిస్తే చాలు. పళ్ల మధ్య సందు ఉండదు, అరిగినా స్ప్రింగు సర్దుకుంటుంది. పినియన్‌ని గట్టిగా ఒకచోట బిగించేస్తే ఆరు నెలల్లో ఆట వస్తుంది.

మూడోది, గ్యాంట్రీకి రెండు పక్కలా పట్టీ, రెండు మోటార్లు ఉండాలి. ఒకే పక్క లాగితే వంతెన వంకరపోతుంది. సరిగా బిగించని సొరుగుని ఒక మూల పట్టుకుని లాగితే ఇరుక్కుంటుంది కదా, సరిగ్గా అలాగే.

పట్టీలు ముక్కలుగా వస్తాయి. రెండు ముక్కలు కలిసేచోట పళ్ల ఎడం తప్పకూడదు. మా మెకానిక్ చేసే పని చెబుతాను. మూడో ముక్కని తలకిందులుగా ఆ అతుకు మీద పెట్టి, పళ్లలో పళ్లు కూర్చోబెట్టి, అప్పుడు బోల్టులు బిగిస్తాడు. కొలబద్దతో కొలిచే పనే లేదు. పళ్లు కిందికి చూసేలా పట్టీ బిగిస్తే పొట్టు నిలవదు. గ్రీజు దట్టంగా పూయొద్దు. టేకు పొడి, ఎండీఎఫ్ పొడి గ్రీజులో కలిస్తే సానరాయి ముద్దలా తయారై పళ్లని తినేస్తుంది.

బెల్టు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చవక, శబ్దం లేదు, వేగం బాగుంటుంది. నేమ్‌ప్లేట్లు, ప్లాస్టిక్ అక్షరాలు, పొనికి లాంటి మెత్తటి చెక్క, లేజర్ పని, వీటికి సరిపోతుంది. పొడవు పెరిగితే సాగుతుంది. టేకు, తుమ్మ లాంటి గట్టి చెక్కలో లోతుగా కోయాలంటే బెల్టు మిషన్ వద్దు.

జడ్ దగ్గర ఏమరపాటు వద్దు

తలుపులు చెక్కేవాళ్లకి అన్నిటికన్నా ముఖ్యమైన డ్రైవ్ ఏదంటే పొడవు వైపుదీ కాదు, అడ్డం వైపుదీ కాదు. పైకీ కిందికీ ఆడేది. షీట్లు కోసేవాళ్లకి జడ్ ఒకసారి దిగి కూర్చుంటుంది. బొమ్మ చెక్కేటప్పుడు మాత్రం గీత పొడవునా దిగుతూ లేస్తూనే ఉంటుంది. జడ్ మెల్లగా ఉంటే మిగతా రెండూ ఎంత వేగంగా ఉన్నా దానికోసం ఆగాల్సిందే. నేను పైన చెప్పిన 3 గంటల 20 నిమిషాల లెక్క కూడా జడ్ అందుకోగలిగితేనే నిజమవుతుంది.

ఇక్కడ పొడవు అడుగున్నర లోపే కాబట్టి బాల్ స్క్రూ మంచిది. 600 చుట్ల దగ్గర 5 మిల్లీమీటర్ల లీడ్ ఉంటే నిమిషానికి 3 మీటర్లు, 10 ఉంటే 6 మీటర్లు. ఒక్క ప్రమాదం ఉంది. ఇందాక జాకీ గురించి చెప్పాను, అది బరువు మీద తనంతట తాను దిగదని. బాల్ స్క్రూకి ఆ గుణం లేదు. గోళీలు దొర్లుతాయి కాబట్టి కరెంటు పోగానే మోటార్ పట్టు వదులుతుంది, స్పిండిల్ బరువుకి కిందికి జారిపోవచ్చు. 10 మిల్లీమీటర్ల లీడ్ అయితే ఇంకా తేలిగ్గా జారుతుంది. బిట్టు విరిగితే పోనీ అనుకోవచ్చు. నాలుగు రోజుల పని పెట్టిన పలకలోకి దిగితే? బిట్టు మార్చడానికి చెయ్యి కింద పెట్టినప్పుడు జారితే?

ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కనుక దీన్ని ముందే ఆలోచించుకోవాలి. బ్రేకు ఉన్న మోటార్ జడ్‌కి పెట్టడం ఒక దారి. కరెంటు పోగానే బ్రేకు పడుతుంది. అది ఖరీదు అనుకుంటే కార్ల డిక్కీ తలుపుని ఎత్తి ఉంచే గ్యాస్ రాడ్డు లాంటిది బిగించి, స్పిండిల్ బరువుని అది మోసేలా చేయొచ్చు. షీట్ కోతే ప్రధానం, చెక్కడం అప్పుడప్పుడు అనుకునేవాళ్లు జడ్‌కి మామూలు మర స్క్రూనే వాడుకోవచ్చు. మెల్లగా ఉంటుంది, నట్టు అరుగుతుంది, కానీ జారదు.

కరెంటు పోయి వచ్చాక మిషన్‌కి తాను ఎక్కడుందో తెలియదు. మూడు వైపులా హోమ్ స్విచ్చులు తప్పకుండా పెట్టించుకోండి. అవి ఉంటే మళ్లీ మొదటి చోటు వెతుక్కుని, ఆగిన గీత నుంచి అందుకోవచ్చు.

తలుపు పొడవు కాదు, పలక పొడవు చూడండి

మా క్యాంపులో జగిత్యాల వైపు వడ్రంగి అన్న ఒకాయన ఉన్నాడు. వచ్చే ఏడు క్యాన్సిల్ చేయించుకుని పోదామని ఉంది. 8 బై 4 మిషన్ కట్టాలని కొటేషన్ కూడా తెప్పించుకున్నాడు, అందులో పొడవు వైపు బాల్ స్క్రూ రాసి ఉంది. "తలుపు ఏడడుగులుంటది గదా, మిషన్ గంత పొడుగు ఉండాల్నా లేదా?" అన్నది ఆయన వాదన. నేను కాగితం తీసి, తలుపు బొమ్మ గీయమన్నాను. ఆయన చెయ్యి తిరిగిన పనివాడు, రెండు నిమిషాల్లో గీశాడు. నిలువు కమ్ములు రెండు, అడ్డ కమ్ములు నాలుగు, మధ్యలో పలకలు. చెక్కడం ఎక్కడ ఉంటుంది అన్నా అంటే, పలకల మీద వేలు పెట్టాడు. ఆ పలకల్లో అన్నిటికన్నా పెద్దది రెండున్నర అడుగులు లేదు.

విడిగా చెక్కి, తర్వాత కమ్ముల్లో కూర్చోబెట్టే పలకలకి 8 అడుగుల మిషన్ ఎందుకు? నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు టేబుల్ చాలు. ఆ పొడవులో 20 మిల్లీమీటర్ల లావు, 10 మిల్లీమీటర్ల లీడ్ బాల్ స్క్రూ మూడు పక్కలా వాడుకోవచ్చు. ఊగే భయం లేదు, మోటార్లు చిన్నవి చాలు, షెడ్డు చిన్నది చాలు. దర్వాజ కమ్మీల మీద లతలు చెక్కాలంటే టేబుల్ రెండు చివర్లూ తెరిచి ఉంచి, నాలుగడుగులు చెక్కాక కమ్మీని జరిపి మిగతాది చెక్కొచ్చు. రెండు గూటాలు పాతి పెట్టుకుంటే జరిపినా వరస తప్పదు.

అదే మీ ఊళ్లో పని మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబులు, పూర్తి షీట్ల కోత అయితే లెక్క వేరు. అప్పుడు 8 బై 4 కావాల్సిందే. పొడవుకి పళ్ల పట్టీ, అడ్డానికి పట్టీ లేదా లావు బాల్ స్క్రూ, జడ్‌కి బాల్ స్క్రూ. అన్ని వైపులా ఒకే రకం ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. రెండు పనులూ చేద్దాం, దేనికైనా పనికొస్తుంది అని పెద్దది కట్టేవాళ్లని చూస్తే నాకు కొంచెం భయం. మొదటి ఏడాది ఏ పని వస్తుందో ఇంటికి ఫోన్ చేసి, ఆ ఊరి తలుపుల షాపువాళ్లని అడిగించి, అప్పుడు సైజు తేల్చుకోండి.

రిపేరుకి ఎవరున్నారు?

ఇక్కడ మిషన్ ఆగితే ఫోన్ చేస్తే ఏజెంట్ మనిషి వ్యాన్ వేసుకుని వస్తాడు. అక్కడ మీరే ఏజెంట్. మా ఫైళ్లలో చూసినంతవరకు పట్టీ కంటే పినియన్ ముందు అరుగుతుంది. చిన్న చక్రం కనుక దాని ఒక్కో పన్ను ఎక్కువసార్లు తాకుతుంది. మార్చడం గంట పని. పినియన్ కొత్తది దొరక్కపోయినా గేర్ కటింగ్ చేసే వర్క్‌షాపులో మాడ్యూల్, పళ్ల సంఖ్య చెప్పి చేయించుకోవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో అడిగితే దారి చూపిస్తారు. బాల్ స్క్రూ నట్టు పాడైతే లోకల్‌గా తయారుచేసేవాళ్లు ఉండరు, అదే సైజు పార్సిల్ రావాల్సిందే. పైగా గోళీలు చెడి తిరిగితే స్క్రూ గాడి కూడా గీరుకుపోతుంది, రెండూ మార్చాలి. అందుకని మామూలుగా దొరికే సైజులే వాడండి. 1605, 2005, 2010, 2510 లాంటివి. మొదటి రెండంకెలు లావు, తర్వాతి రెండు లీడ్. వింత సైజు చవకగా వస్తోందని కొంటే రేపు దానికి జోడీ దొరకదు.

పని నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట. బాలానగర్‌లోనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఐటీడీ, అంటే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968 నుంచి నడుస్తోంది. సీఎన్‌సీ కోర్సులు చెబుతారు. ఇంటి దగ్గర ఇంటరో ఐటీఐనో అయిపోయి ఖాళీగా ఉన్న తమ్ముడో మేనల్లుడో ఉంటే ముందు వాడిని పంపి నేర్పించండి. మీరు వెళ్లేసరికి ఇంట్లో ఒక ఆపరేటర్ తయారుగా ఉంటాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మిషన్ ఇక్కడే క్యాంపు గదిలో బిగించి చూసుకుందామనే ఆలోచన పెట్టుకోవద్దు. పొట్టు, కరెంటు లోడు, నిప్పు భయం, ఎనిమిది మంది పడుకునే గది. క్యాంపు బాస్ చూస్తే సామాను పోతుంది. బయట ఎవరికైనా పని చేసిపెట్టి డబ్బు తీసుకుంటే, పర్మిట్ లేని పని కింద వీసాకే ముప్పు. ఇక్కడ చేయాల్సింది చూసి నేర్చుకోవడం. మీ జాయినరీ మిషన్ ఆపి ఉన్నప్పుడు, ఫోర్‌మన్ అనుమతి తీసుకుని కవర్ కింద ఏముందో చూడండి. పట్టీ మాడ్యూల్ ఎంత, తగ్గింపు బెల్టా గేర్‌బాక్సా, జడ్‌కి బ్రేకు ఉందా, పొట్టు పడకుండా ఏం పెట్టారు, నోట్‌బుక్‌లో రాసుకోండి. మెకానిక్ సర్వీసుకి వచ్చిన రోజు పక్కన నిలబడి ఒక చాయ్ తాగించండి. ఏ కోర్సులోనూ దొరకని పాఠం అది.

సామాను ఇక్కడి డ్రాగన్ మార్ట్‌లో కొని పట్టుకుపోదామనేవాళ్లు ముందు రెండు విషయాలు కనుక్కోవాలి. మీ ఎయిర్‌లైన్ ఎంత పొడవు పెట్టె ఒప్పుకుంటుంది, ఇండియా కస్టమ్స్‌లో సుంకం ఎంత పడుతుంది అని. బాల్ స్క్రూ బరువుకి కాదు, వంగడానికి భయపడాలి. మీటరు లోపుదైతే గట్టి పీవీసీ పైపులో పెట్టి, రెండు వైపులా గుడ్డలు కుక్కి, మూతలు బిగించి పంపొచ్చు. నట్టుని స్క్రూ చివరి నుంచి బయటికి తీయకండి, గోళీలు రాలిపోతాయి. అంతకంటే పొడవైనవి, పట్టీలు, రైళ్లు అక్కడే కొనుక్కోవడం మేలు.

అక్కడ ఎవరితోనైనా కట్టించుకుంటే, చివరి వాయిదా డబ్బు ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయించండి. స్పిండిల్‌కి డయల్ గేజ్ ఆనించి, మిషన్‌ని ఒక మిల్లీమీటరు ముందుకి, మళ్లీ ఒక మిల్లీమీటరు వెనక్కి జరపమనండి. ముల్లు బయల్దేరిన చోటికే రావాలి. ఎంత తేడా వస్తే అంత ఆట ఉన్నట్టు. 0.1 మిల్లీమీటరు లోపుంటే చెక్క పనికి బాగుంది. 0.3 ఉంటే గుండ్రాలు గుండ్రంగా రావు, నాలుగు మూలలా చిన్న మెట్లు కనిపిస్తాయి. "సాఫ్ట్‌వేర్‌లో సర్దేస్తాం సార్" అంటే ఒప్పుకోకండి. కోసేటప్పుడు బిట్టు తనే చెక్కని పట్టుకుని ముందుకు లాగుతుంది, ఆ సందులో తల ఊగుతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. ఆ పరీక్ష టేబుల్ మధ్యలో ఒకసారి, రెండు చివర్లా ఒక్కోసారి చేయించండి. తర్వాత అడుగు వెడల్పు వలయం ఒకటి పాత ప్లైవుడ్ మీద గీయించి, నిలువునా అడ్డంగా టేపుతో కొలవండి. జగిత్యాల అన్న ఇప్పుడు నాలుగడుగుల టేబుల్‌కి కొత్త కొటేషన్ అడిగాడు. ఈ రెండు పరీక్షల మాట అందులో రాయించుకున్నాడు.